ప్రేమ నవల రాసేముందు ఇద్దరి టైం టేబుల్ వేయండి

నల్గొండ గడియారం సెంటర్ దాటి కొంచెం లోపలికి వస్తే ఒక సందులో నా కుట్టు షాపు. 19 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను, 11 ఏళ్లుగా ప్రేమ నవలలు రాస్తున్నాను. నా పాఠకుల్లో చాలామంది ఆది జాకెట్టు ఇవ్వడానికి వచ్చే అమ్మాయిలే. బట్ట నా చేతిలో పెట్టి, ఫోన్‌లో నా సీరియల్ తీసి, "అక్కా, ఇది నువ్వేనా రాసేది?" అంటారు. ఆ తర్వాత చాలామంది అడిగేది ఒకటే ప్రశ్న. "నాకు గూడ రాయాలని ఉంది. ఎట్ల మొదలుపెట్టాలె?"

కౌంటర్ దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే జవాబు కాదు ఇది. అందుకే తీరిగ్గా కూర్చొని రాస్తున్నాను.

కొత్తగా రాసేవాళ్లు నాకు చూపించే మొదటి పేజీల్లో హీరోయిన్ కళ్లు ఉంటాయి, హీరో కారు ఉంటుంది. ఆ అమ్మాయి పొద్దున ఎన్నింటికి లేస్తుందో ఉండదు. అతనికి నెలకు ఎంత వస్తుందో ఉండదు. ఆ రెండూ తెలియకపోతే వాళ్లిద్దరూ ఎప్పుడు కలుస్తారో, ఎంతసేపు మాట్లాడుకుంటారో ఎట్లా రాస్తాం? మన ఊళ్లలో ఇంటినిండా మనుషులుంటారు. బస్టాండులో నిలబడితే పది నిమిషాల్లో చిన్నాయనో, పక్కింటి అత్తమ్మో కనిపిస్తారు. ఇక్కడ ప్రేమకు ముందు కావాల్సింది ఇద్దరికీ ఒకేసారి దొరికే అరగంట. ఆ అరగంట కోసం వాళ్లు పడే తిప్పలే నవల.

అందుకని నేను కథ అనుకోగానే ఒక తెల్ల కాగితం నిలువుగా మధ్యకు మడుస్తాను. ఎడమ వైపు ఆమె రోజు, కుడి వైపు అతని రోజు. లేచిన దగ్గరి నుంచి పడుకునే దాకా గంట గంటకూ ఏం చేస్తారో రాస్తాను. దాని కింద నెల రాస్తాను: జీతం ఏ తారీఖున పడుతుంది, కిస్తీ ఎప్పుడు కట్టాలి, ఇంట్లో ఎవరికి మందులు కొనాలి. దాని కింద ఏడాది: పండుగలు, పంటలు, పరీక్షలు, పెళ్లి ముహూర్తాలు. అంతా అయ్యాక ఇద్దరికీ ఒకేసారి ఖాళీ ఉన్నచోట ఎర్ర పెన్నుతో సున్నా చుడతాను. ఆ సున్నాలే నా అధ్యాయాలు.

ఒక నవల సంగతి చెప్తాను, ఇది ఎట్లా పని చేస్తుందో తెలుస్తుంది. అందులో అమ్మాయి నల్గొండ–దేవరకొండ రూటులో ఆర్టీసీ కండక్టర్. అబ్బాయి వరి కోత మిషన్ నడుపుతాడు. వానాకాలం వరి కోతకు వచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. యాసంగి కోతలు ఏప్రిల్‌లో. ఆ రోజుల్లో కోత మిషన్ రాత్రి పూట కూడా లైట్లు వేసుకొని నడుస్తుంది. ఒక ఊరు అయిపోతే ఇంకో ఊరు, తిండి పొలం గట్టు మీదే. మరి కండక్టర్‌కు ఊపిరి సలపని రోజులు ఏవి? బతుకమ్మ, దసరా. ఊళ్లకు పోయే జనంతో స్పెషల్ బస్సులు నడుస్తాయి, సెలవు అడిగినా దొరకదు. కాగితం మీద చూసుకుంటే అక్టోబరు మొత్తంలో ఒక్క ఎర్ర సున్నా పడలేదు. ఆగస్టులో అతను రోజంతా ఖాళీ, కానీ జేబు కూడా ఖాళీనే. డబ్బున్నప్పుడు తీరిక లేదు, తీరిక ఉన్నప్పుడు డబ్బు లేదు. ఆ మాట కాగితం అడుగున రాసుకున్నాను. ఆ నవలకు విలన్ కావాల్సిన అవసరమే రాలేదు.

కలవడం ఎట్లా? 2023 డిసెంబరు 9 నుంచి మన తెలంగాణ ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు, సున్నా టికెట్ ఇస్తారు. మగవాళ్లు కొనాలి. దాంతో బస్సులో చిల్లర కరువైంది. అతను 200 నోటు ఇస్తాడు, ఆమె దగ్గర చిల్లర ఉండదు, టికెట్ వెనక పెన్నుతో బాకీ రాసి ఇస్తుంది. దిగే హడావిడిలో అతను తీసుకోవడం మర్చిపోతాడు. మర్నాడే కోతలకు మిర్యాలగూడ వైపు వెళ్లిపోతాడు. తిరిగి వచ్చేసరికి ఆమెకు వేరే రూటులో డ్యూటీ పడుతుంది. ఆ టికెట్ అతని చొక్కా జేబులో ఉండటం మీద నాకు 40 పేజీలు నడిచాయి.

సీరియల్ సగంలో ఉండగా ఒక కండక్టరమ్మ ఫోన్ చేసింది. "అమ్మా, మిషన్ల నుంచి వచ్చే టికెట్టు వేడికి అచ్చు పోతది. పెన్నుతోని రాసిందే మిగుల్తది." ఆ మాట విన్నాక ఆ రోజు నాకు కుట్టు సాగలేదు. నా నవలకు కావాల్సిన బొమ్మ ఆమె చేతుల్లో ఉంది. ఊరి పేరు, తారీఖు, చార్జీ అన్నీ మాసిపోయి ఆమె చేతిరాత ఒక్కటే మిగిలిన కాగితం. ఎంత కూర్చొని ఊహించినా నాకు అది దొరికేది కాదు.

కాబట్టి రెండో పని ఇది. మీ పాత్రలు చేసే పని నిజంగా చేస్తున్నవాళ్లను అడగండి. ప్రేమ గురించి అడగొద్దు, సిగ్గుపడతారు, లేదా సినిమా మాటలు చెప్తారు. "నీకు అన్నిటికన్నా కష్టమైన రోజు ఏది?" అని అడగండి. "పనిలో చేతికి, నడుముకి ఎక్కడ నొప్పి పుడుతుంది?" అని అడగండి. మనుషుల ప్రేమ వాళ్ల పనిలోంచే బయటపడుతుంది. ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారి సంగతి మీకు తెలిసే ఉంటుంది. పోచంపల్లి చీరకు ఆసు పోయడమంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చుట్టడం, దానికి ఒక్కో చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడించాలి. వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి కుస్తీపట్టి ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అది తల్లీకొడుకుల కథ, నిజమే. కానీ ప్రేమ కథ రాసేవాళ్లందరికీ నేను దాన్నే చెప్తాను. ఎదుటి మనిషికి నొప్పి ఎక్కడో కనిపెట్టి, దాని గురించి ఏదో ఒకటి చెయ్యడం కన్నా పెద్ద ప్రేమ సన్నివేశం నాకు ఇంకోటి తెలియదు.

"అక్కా, మీ హీరోలు ఎప్పుడూ డబ్బున్నోళ్లు ఎందుకు కారు?" అని ఎక్కువమంది అడుగుతారు. డబ్బున్నోళ్లకు ప్రేమ ఉండదని కాదు. వాళ్ల టైం టేబుల్ నాకు తెలియదు, అంతే. తెలియనిది రాస్తే నాలుగో పేజీకే పాఠకులు పట్టేస్తారు. మీకు తెలిసిన ఇల్లు పెద్ద బంగళా అయితే అదే రాయండి. పాలమూరు నుంచి ఒక అమ్మాయి తన మొదటి కథ పంపింది, అందులో ప్రేమికులు పారిస్‌లో కలుస్తారు. ఆమె మేనమామ ముంబైలో మేస్త్రీ పని చేస్తూ పండుగలకే ఊరికి వచ్చేవాడట, ఆ సంగతి మాటల్లో బయటికొచ్చింది. మొగుడు ఏడాదిలో రెండుసార్లు ఇంటికి వచ్చే ఇంట్లో పెళ్లయ్యాక పుట్టే ప్రేమ ఎట్లా ఉంటుందో రాయమన్నాను. దీపావళి తర్వాత కురుమూర్తి జాతరకు అతను వచ్చే రోజుతో మొదలుపెట్టింది. ఆ అధ్యాయం చదివి నేను ఏడ్చాను.

మాట గురించి. "డైలాగులు మన యాసలో రాయాలా, పుస్తక భాషలో రాయాలా?" అంటారు. కథనం అందరికీ అర్థమయ్యే మామూలు తెలుగులో పెట్టుకోండి, నోటి మాట మాత్రం వాళ్ల నోట్లో ఉన్నట్టే ఉంచండి. ముఖ్యంగా ప్రేమను ఒప్పుకునే చోట. మా వైపు "నేను నిన్ను ప్రేమిస్తున్నాను" అని ఎవరైనా ఎవరితోనైనా అనగా నేను నా చెవులతో వినలేదు. "తిన్నవా?" అనడం విన్నాను. "బస్సు దొరికిందా?" అనడం విన్నాను. అన్నిటికన్నా ఎక్కువగా "పైలం", అంటే జాగ్రత్త, అనడం విన్నాను. పైలంగ పో, పైలంగ ఉండు. ఆ ఒక్క మాటలో భయం, హక్కు, ఇష్టం మూడూ ఉంటాయి. నా కండక్టర్ అమ్మాయి 22వ అధ్యాయం దాకా అతన్ని "మీరు" అంటుంది. ఆ రోజు మిషన్ ఎక్కబోతున్న అతనితో "పైలంగ పో" అంటుంది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిన ఆ చోటే మా పాఠకులకు ప్రేమ ఒప్పుకున్న చోటు. దాని కోసం 21 అధ్యాయాలు ఓపిక పట్టాను. మీరు మొదటి అధ్యాయంలోనే 'నువ్వు' వాడేస్తే అది మీ చేతిలో ఉండదు.

చోటు విషయానికి వస్తే, పేరు చెప్పి వదిలేయకండి, ఆ చోటు చేత పని చేయించండి. పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది, కందూరు చోళుల కాలం నాటిది. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం ఆకారంలో ఒక నీడ రోజంతా అక్కడే నిలిచి ఉంటుంది. ఎండ తిరుగుతుంది, నీడ తిరగదు. ఒక నవలలో ఇద్దరూ "ఈ నీడ కదిలిందాకా ఉందాం" అనుకొని కూర్చుంటారు. అంతకంటే చెప్పాల్సిన అవసరం రాలేదు. మీ ఊరి చెరువు కట్టకో, సంతకో ఇట్లాంటి గుణం ఒకటి ఉంటుంది, వెళ్లి కాసేపు కూర్చుంటే దొరుకుతుంది.

ఇప్పుడు అడగడానికి మొహమాటపడి మెసేజ్ పెట్టే ప్రశ్న. "ముద్దు సీన్లు ఎట్లా రాస్తారు? ఇంట్లో చదవరా?" చదువుతారు. మా ఆయన చదువుతారు, మా అత్తమ్మకు నేనే చదివి వినిపిస్తాను. కొలతలు తీసుకునేదాన్ని కాబట్టి ఒక మనిషి చెయ్యి తగిలినప్పుడు ఇంకో మనిషి ఒళ్లు ఎట్లా బిగుసుకుంటుందో, నమ్మకం కుదిరాక ఎట్లా వదులవుతుందో రోజూ చూస్తాను. దగ్గరితనం రాసేటప్పుడు ఆ బిగుసుకోవడం, వదులవడం రాయండి, చాలు. ఇద్దరిలో ఎవరికి ఏం కావాలో పాఠకులకు తెలియాలి. అమ్మాయి వద్దంటే వద్దనే అర్థం, నవలలో కూడా.

ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా ఉంటాను. అబ్బాయి వెంటపడి, బస్సు వెనక బండి వేసుకొని తిరిగి, చివరికి అమ్మాయి మెత్తబడే కథలు నాకు పంపకండి. వద్దన్నా వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. దానికి ముందు, అది ఆ అమ్మాయికి రోజూ నరకం. టెన్షన్‌తో కాలేజీ మానేసి మా షాపులో కుట్టు నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలున్నారు. వాళ్లు చదివే పుస్తకంలో ఆ పని చేసినవాడు హీరో కాకూడదు.

చట్టం మాట వచ్చింది కాబట్టి నా తప్పు కూడా చెప్పాలి. ఒక నవల చివర కులాలు వేరైన జంట పొద్దున రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి, మధ్యాహ్నానికి భార్యాభర్తలుగా బయటికి వచ్చినట్టు రాశాను. ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద అట్లా కుదరదు. ఇద్దరిలో ఒకరైనా 30 రోజులుగా ఆ జిల్లాలో ఉండి ఉండాలి. ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అంటిస్తారు, 30 రోజుల లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఆ తర్వాత ముగ్గురు సాక్షుల ముందు పెళ్లి. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఒక పాఠకుడు ఇదంతా రాసి, చివర "మేము ఆ 30 రోజులు ఎట్ల గడిపినమో మాకే తెలుసు మేడం" అన్నాడు. నేను ఆ మాటను రోజుల తరబడి మోశాను. తెలియక నేను ఎగరగొట్టేసిన ఆ 30 రోజుల్లోనే అసలు నవల ఉంది. గోడ మీద ఇద్దరి పేర్లు అంటించి ఉన్న కాగితం, ఆ దారిన పోయే ప్రతి చుట్టం. రెండో ముద్రణకు చివరి భాగం మొత్తం తిరిగి రాశాను. మీ కథలో పెళ్లి, విడాకులు, ఆస్తి, ఆసుపత్రి ఏది వచ్చినా, అక్కడ పని ఎట్లా జరుగుతుందో ముందు తెలుసుకోండి. ఆలస్యం జరిగే ప్రతిచోటా కథ ఉంటుంది.

"కథలు ఎక్కడ దొరుకుతాయి? షాపుకు వచ్చేటోళ్లవేనా?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు కష్టం. మొదట్లో ఒక తప్పు చేశాను. పెళ్లి కుదిరి జాకెట్టు ఇచ్చిన ఒక అమ్మాయి, సంబంధం తప్పిపోయాక వచ్చి నా ముందు చాలాసేపు మాట్లాడింది. సగం కుట్టిన జాకెట్టు నా దగ్గరే ఉండిపోయింది. నేను ఊరు మార్చాను, పేరు మార్చాను, కానీ ఆ జాకెట్టు రంగు, వీపు మీద నెమలి మగ్గం వర్క్ ఉన్నవి ఉన్నట్టే రాశాను. ఆమె చదివింది. ఒకరోజు వచ్చి, ఆ సగం జాకెట్టు అడిగి తీసుకొని, "నీకు చెప్పుకున్ననక్కా, అందరికి చెప్పమన్లేదు" అని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆమెకు క్షమాపణ చెప్పే అవకాశం నాకు దొరకలేదు.

అప్పటి నుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. ఒక్క మనిషికే చెందిన వస్తువు, మాట, రంగు ఏదీ నవలలోకి రాదు. బాధ తీసుకుంటాను, దాన్ని వేరే వయసు, వేరే పని చేసే మనిషికి ఇస్తాను. పెళ్లి తప్పిన అమ్మాయి బాధ నా నవలలో 50 ఏళ్ల అంగన్‌వాడీ టీచర్ బాధ అవుతుంది. అట్లా మార్చలేని కథ అయితే, వెళ్లి అడుగుతాను. వద్దంటే వదిలేస్తాను. రెండు మంచి కథలు అట్లా వదిలేశాను.

రాసే వేళ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పొద్దున నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా, కొలతల పుస్తకం వెనక పేజీల్లో పెన్నుతో రాస్తాను. మధ్యాహ్నం భోజనం తర్వాత అదే పైకి చదువుతూ ఫోన్‌లో వాయిస్ టైపింగ్ చేస్తాను. యాస మాటలను ఫోన్ తప్పుగా పట్టుకుంటుంది, అవి చేత్తో దిద్దాలి. బతుకమ్మకు ముందు నెల, మాఘం పెళ్లిళ్లప్పుడు రాయను. రాయలేదని బాధపడను కూడా. మీ టైం టేబుల్ కూడా ఒక కాగితం మీద వేసుకోండి, వారంలో ఎన్ని గంటలు నిజంగా మీవో తేలుతుంది. నాలుగే అయితే నాలుగు గంటల్లో పట్టే నవల ఎంచుకోండి.

డబ్బు, హక్కుల దగ్గర మాత్రం కళ్లు తెరిచి ఉండండి. రాసిన క్షణం నుంచి కాపీరైట్ మీదే, రిజిస్టర్ చేయించకపోయినా మీదే, మీ తర్వాత 60 ఏళ్ల దాకా మీ వారసులది. ఎవరికైనా హక్కు రాసిస్తే కాగితం మీద, సంతకంతో ఉండాలి. ఏ హక్కు, ఎన్నేళ్లు, ఎంత డబ్బు అనేది అందులో ఉండాలి. ఎన్నేళ్లో రాయకపోతే చట్టం ప్రకారం అయిదేళ్లుగా లెక్క. నా రెండో నవలకు ఒక ప్రచురణకర్త ఇచ్చిన కాగితంలో "సర్వహక్కులు" అని ఒక్క మాట ఉంది. చదవకుండా సంతకం పెట్టాను, ఆడియో హక్కు కూడా పోయిందని తర్వాత తెలిసింది. పుస్తకం, ఆడియో, సినిమా, అనువాదం వేటికవి విడిగా రాయించుకోండి. సొంతంగా అచ్చు వేసుకుంటే ఐఎస్‌బీఎన్ నంబరు రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, దానికి ఎవరికీ డబ్బు కట్టొద్దు. డెమీ సైజులో 16 పేజీలు ఒక ఫారం, అందుకని పేజీల సంఖ్య ఫారాలకు సరిపోయేట్టు చూసుకుంటే కాగితం వృథా కాదు. యూనికోడ్‌లో టైప్ చేసిన ఫైలును ప్రెస్‌వాళ్లు తాము వాడే 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలోకి మారిస్తే వత్తులు అక్కడక్కడా చెదిరిపోతాయి. ప్రూఫు మీరే అక్షరం అక్షరం చూడాలి.

ఇక చివరిగా ఎక్కువమంది అడిగేది: "రాసింది బాగుందో లేదో ఎట్ల తెలుస్తది?" 

చదివి వినిపించండి. అయితే వినేవాళ్లు చేతిలో పని పెట్టుకొని ఉండాలి. ఊరికే కూర్చొని వింటే మన మొహం చూసి బాగుందంటారు. మా షాపులో హుక్కులు, కాజాలు కుట్టే అవ్వ ఉంది. చదువు రాదు. సాయంత్రం కరెంటు పోయినప్పుడు, గిరాకీ లేనప్పుడు ఆమెకు వినిపిస్తాను. నేను పేజీ చూడను, ఆమె సూది చూస్తాను. సూది ఆడుతూనే ఉంటే ఆ పేజీ పక్కన పెన్సిల్ గీత పెడతాను, తర్వాత కొట్టేస్తాను. ఎక్కడైనా దారం ఎక్కించబోయి చెయ్యి గాల్లో ఆగిపోయిందంటే అక్కడ కథ ఉంది. కండక్టర్ నవల వినిపించినప్పుడు, నేను ఎంతో కష్టపడి రాసిన చెరువుకట్ట సన్నివేశానికి ఆమె రెండు కాజాలు పూర్తి చేసింది. టికెట్ మీద అచ్చంతా పోయి పెన్ను రాత మిగిలిన చోట సూది ఆగింది. కాసేపటికి, "మా ఆయన గూడ గట్లనే ఒక చీటీ దాసిండు" అంది. చీటీలో ఏముందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. చెరువుకట్ట సన్నివేశం మర్నాడు పొద్దున తీసేశాను.